అలారం నోట్లో తువ్వాలు

సోమవారం

మాట ఇచ్చాను కాబట్టి ఇంట్లో ఎవరితోనూ అనను. పుస్తకంతో అనకూడదని మాత్రం ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.

ఇచ్చిన మాట ఇది. మా ఆవిడ డ్యూటీలో ఉండగా నేను కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేయను. గేటు దగ్గరికి వెళ్లను. ఇంటికి వచ్చాక "ఇవాళ ఏమైనా అయిందా" అని అడగను. బళ్లో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు మూడూ నా చేత పైకి అనిపించింది. పోయిన వారం నేను కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసినప్పుడు వాళ్ల మేనేజరు ఎవరో పెద్దమనుషులకి యంత్రాలు చూపిస్తూ పక్కనే ఉన్నాడట. ఫోన్ స్పీకర్లో ఉందట. "గ్యాసు వాసన ఏమైనా వస్తోందా, నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది" అని నేనన్నది గదంతా విన్నదట. అప్పట్నుంచీ అక్కడ నా పేరు అలారం గారు. "అలారం గారు కులాసానా మేడమ్?" అని రోజూ ఎవరో ఒకరు పలకరిస్తున్నారట.

"పరువు తీశారు," అంది. "ఇంకోసారి ఇంటి నంబరు కనబడిందా, ఆ ఫోన్ ఎత్తను. ఇల్లు తగలబడినా ఎత్తను."

నాకేమీ భయం లేదు. పళ్లూ కూరగాయలూ చల్లగా ఉండాలంటే ఆ గొట్టాల్లో అమోనియా తిరగాలి. గొట్టంలో ఉన్నంతసేపూ అది బుద్ధిమంతురాలే. బయటికి వస్తే ముందు కళ్లు, తర్వాత ఊపిరి. అలాంటి చోట రోజంతా కూర్చునే మనిషి గురించి ఒక్కసారి వాకబు చేస్తే అది భయం కిందికి రాదు.

మంగళవారం

నిఘంటువు పెద్దాయన ఫోన్ చేశారు. మనం రోజూ వాడుతూ మనవే అనుకునే పరాయి మాటల పుట్టుపూర్వోత్తరాలు రాయడం నా పని, రాయించడం ఆయన పని. మాటకి ఒక కార్డు. కార్డుకి ఒక వైపే రాయాలి. వెనక్కి తిప్పి రాస్తే ఆయన చదవను కూడా చదవరు, చించేస్తారు.

"అలారం ఏమైందయ్యా? 'అ' అంతా వచ్చేసింది, అదొక్కటే ఊడిన పన్ను లాగా ఖాళీగా ఉంది."

అక్షరక్రమంలో నా వంతుకి వచ్చిందే తప్ప ఆ మాటని నేను కోరి తెచ్చుకోలేదు. ఈ సంగతి మా ఆవిడ నమ్మదు.

ఇప్పటిదాకా తేలింది: పుట్టిల్లు ఇటాలియన్. శత్రువు వస్తున్నాడని కాపలావాడు పెట్టే కేక, ఆల్ ఆర్మె. ఆయుధాల దగ్గరికి, అని. పడుకున్నవాడు లేచి కత్తి అందుకోవాలి. అంటే అది పేరు కాదు, ఆజ్ఞ. అక్కణ్నుంచి ఫ్రెంచికి వెళ్లింది, స్పానిష్‌కి వెళ్లింది, ఇంగ్లీషుకి వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని గడియారంలో కూడా పెట్టారు. గడియారంతో పాటు మన మంచం పక్కకి వచ్చి చేరింది. కత్తి పట్టమన్న మాట ఇప్పుడు పళ్లు తోముకోమంటోంది.

ఈ వాక్యం నాకు నచ్చింది. పెద్దాయన కొట్టేస్తారు. కార్డు నిండిపోయింది, జర్మన్ ఇంకా మిగిలే ఉంది.

తను ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర చాలక కావచ్చు. అడగలేదు.

బుధవారం

బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కాను. మేడ మీంచి కోల్డ్ స్టోరేజీ మొత్తం కనిపిస్తుంది. అందులో నా తప్పేమీ లేదు, ఈ ఇల్లు కట్టినవాణ్ని అడగాలి. తెల్లటి గోడలు, కప్పు మీద నీళ్లు కారుతూ ఉండే కండెన్సరు, వెనక లారీలు ఆగే అరుగు, ముందు గేటు. గేటు పక్కన స్తంభానికి చారల గుడ్డ గొట్టం ఒకటి ఊగుతుంటుంది, గాలి వాటం ఎటో చూపించడానికి. ఇవాళ దాని తోక మా ఇంటి వైపు ఉంది. మంచిదే. ఏదైనా అయితే వాసన ముందు నాకే తెలుస్తుంది.

బట్టలు ఆరేస్తుంటే నీలం తువ్వాలు ఒక్కటే కనిపించింది. జతగా కొన్నవి. రెండోది అలమరలో లేదు, స్నానాల గదిలో లేదు. అత్తయ్యని అడిగాను.

"మీ ఆవిడే సంచిలో పెట్టుకుని పోయింది అల్లుడుగారూ," అంది మా అత్తయ్య. "అక్కడ స్నానాలు కూడా చేయిస్తున్నారేమో."

కూతురి మీద ఈవిడకి ఉన్న నిబ్బరం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గురువారం

తువ్వాలు గురించి ఆలోచించడం లేదు.

శుక్రవారం

తువ్వాలు గురించి అడగనని నేను మాట ఇవ్వలేదు. భోజనాల దగ్గర అడిగాను.

"అదా?" అంది, మంచినీళ్లు అందుకుంటూ. "అలారం నోట్లో ఉంది."

గ్యాసు పసిగట్టే డబ్బాలోకి తేమ పోయిందట. ఏమీ లేకపోయినా మోగుతోందట. మోగినప్పుడల్లా పని ఆపాలి, అందరూ గేటు దగ్గరికి పరిగెత్తాలి, తలలు లెక్కపెట్టుకోవాలి, మళ్లీ లోపలికి రావాలి. అరుగు మీద సరుకు ఎండలో పడి ఉంటుంది, లారీవాళ్లు బూతులు తిడతారు.

"కొత్త డబ్బా కావాలని రాసి పంపా. వస్తోందన్నారు. నెల నుంచీ వస్తూనే ఉంది. ఎక్కడుందో పాపం, నడిచి వస్తోందేమో. అందాకా హారన్ నోట్లో గోనెపట్టా కుక్కారు. అది జారిపోతోంది. తువ్వాలైతే గట్టిగా పట్టింది."

"నువ్వే కుక్కావా?"

"నిచ్చెన ఎక్కితే తల తిరగంది నాకొక్కదానికే."

"మేనేజరుకి తెలుసా?"

"మోత ఆగిందని తెలుసు. ఎలా ఆగిందని అడగలేదు."

"మరి నిజంగా లీకయితే ఎలా తెలుస్తుంది?"

"బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది కదండీ."

"ఇప్పుడు వెలగడం లేదా?"

నోటి దాకా వెళ్లిన ఆమె చెయ్యి ఆగింది.

"అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది," అంది.

నా గొంతు పెరిగినట్టుంది. అత్తయ్య వినికిడి మిషన్ తీసి డబ్బాలో పెట్టుకుంది. నేను మొదలుపెడితే ఆవిడ చేసే మొదటి పని అదే. ఆ తర్వాత చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చక్కగా నవ్వుతూ భోజనం చేస్తుంది.

శనివారం

మేనేజరుకి చెబితే ముందు ఊడేది మా ఆవిడ ఉద్యోగం. తువ్వాలు కుక్కింది తనే, ఇంటి తువ్వాలే. చెప్పకపోతే ఏమవుతుందో రాయను. రాస్తే జరుగుతుందని కాదు. ఊరికే రాయను.

మింగలేను, కక్కలేను. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కింద వాటాలో కుట్టుమిషన్ ఆపి టైలరు తల పైకెత్తి చూశాడు. "ఏం సార్, ఏమైనా పారేసుకున్నారా?" అన్నాడు. తువ్వాలు, అన్నాను.

ఫోన్ చేయలేదు. రెండుసార్లు చేయలేదు.

ఆదివారం

తనకి సెలవు. తలస్నానం చేసి మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఎంత రుద్దినా ఆ జుట్టులో ఘాటు పోదు. కొత్తలో ఆ వాసనకి నాకు తుమ్ములు వచ్చేవి. ఇప్పుడు ఆ వాసన వస్తే ఇంటికి వచ్చేసిందని అర్థం.

మాట తప్పకుండా అడిగే దారి వెతికాను. "మీకు ట్రైనింగులో ఏం నేర్పారు, నాకూ చెప్పు. ఊరికే, తెలుసుకుందామని."

"వాసన గట్టిగా వస్తే తడిగుడ్డ ముక్కుకీ నోటికీ పెట్టుకోవాలి. గాలికి ఎదురు నడవాలి. కుదరకపోతే అడ్డంగా నడవాలి. వాటం వెంట మాత్రం పోకూడదు."

"మరి అందర్నీ గేటు దగ్గరికే రమ్మంటారుగా. గాలి గేటు వైపే ఉంటే?"

"ఉండదు."

"ఉంటే?"

"ఏవండీ," అంది కళ్లు మూసుకుని, "ఆదివారం."

ఆమె లేకపోతే నేను ఎలా బతకాలో నాకు తెలియదు. ఇది భయం కాదు, సమాచారం.

సోమవారం

జర్మన్‌లో ఆ మాట తల తెగి లేర్మ్ అయింది. అర్థం గోల. ఉత్త గోల. పక్కింట్లో పెళ్లి సందడి, వీధిలో పిల్లల అరుపులు, అన్నీ లేర్మే. డానిష్‌లో లార్మ్, అక్కడా అంతే, రణగొణ. స్వీడిష్‌లో ఒకే మాట రెండు పనులూ చేస్తుంది, హెచ్చరికా అదే, గోలా అదే. ఒకే కడుపున పుట్టినవాళ్లు కొందరు కాపలా ఉద్యోగంలో మిగిలారు, కొందరు వీధిన పడ్డారు.

పెద్దాయనకి ఫోన్‌లో చదివి వినిపించాను.

"బాగుంది గానీ, ఆజ్ఞ కాస్తా గోల ఎలా అయిందో చెప్పలేదే?"

"పుస్తకాల్లో అంత వివరం లేదండీ. కేక వినబడగానే జనం పరుగులు పెడతారు, ఆ గగ్గోలుకే పేరు అంటుకుందని అంటారు."

"నువ్వేమంటావు?"

"రోజూ అరిచి ఉంటారు," అన్నాను. "రోజూ కత్తులు పట్టుకుని లేచి ఉంటారు. ఎవడూ వచ్చి ఉండడు. ఇక లేవడం మానేసి ఉంటారు. ఆ తర్వాత ఎవడో ఒకడు ఆ కాపలావాడి నోట్లో..."

"నోట్లో?"

"ఏమీ లేదండీ. నా ఊహ. కార్డు మీద రాయను."

"రాయకు. నాలుగు వాక్యాలు చాలు. ఒంట్లో బాగుందా నీకు?"

అందరూ ఈ ప్రశ్న నన్నే అడుగుతున్నారు.

మంగళవారం

బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కాను. వాన పడుతోంది.

బుధవారం

గొడవయింది. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను.

పొద్దున తను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఏమీ అడగలేదు. ఒట్టు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "జాగ్రత్త" అన్నాను. "ఏదో ఒకటి జరిగేదాకా ఎవరికీ పట్టదు" అన్నాను. "నిన్న రాత్రి నా ఎడమ కన్ను అదిరింది" అన్నాను. "ఆ డబ్బా సంగతి మళ్లీ ఒకసారి" అన్నాను. ఇంకా ఏవో అన్నాను.

తను సంచి కింద పెట్టింది.

"మీకొక సంగతి చెప్పనా? కోపం తెచ్చుకోకండి. మీరు మాట్లాడేది నాకు వినిపించడం ఎప్పుడో మానేసింది. పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే. పెళ్లయిన కొత్తలో వినేదాన్ని. కుక్కర్ పేలుతుందన్నారు, లిఫ్టు తెగుతుందన్నారు, నా దగ్గుకి ఏదో పెద్ద రోగం పేరు పెట్టారు. విన్నాను, భయపడ్డాను, డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. ఎంతకాలమని భయపడతారండీ మనుషులు? రోజూ మోగేదాన్ని ఎవరు వింటారు?"

అలా అని వెళ్లిపోయింది. అత్తయ్య చూపు తిప్పుకుంది. మిషన్ చెవిలోనే ఉంది.

నాకు కోపం రాలేదు. చాలా బాధ వేసింది. నాకు తెలిసిన ప్రేమ అదొక్కటే, దానికే ఆమె చెవులు మూసుకుంది. అబద్ధం చెప్పిందా అంటే, చెప్పలేదు.

గురువారం

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దాయన 'అ' జాబితాలో తను మరిచిపోయిన మాట ఒకటి ఇచ్చారు, అలర్ట్. ఇదీ ఇటాలియన్ కాపలావాళ్ల కేకే, ఆల్ ఎర్తా. ఎర్తా అంటే నిటారుగా లేచిన ఎత్తు. ఎత్తు మీదికి ఎక్కి కనిపెట్టుకుని ఉండు, అని. అన్నదమ్ముల్లాంటి మాటలు. ఒకడు ఎత్తెక్కి చూస్తాడు, ఇంకొకడు కింద ఉన్నవాళ్లని లేపుతాడు.

ఒకే పూటలో కార్డు పూర్తయింది. ఒక వైపే. అలారం కార్డు మాత్రం అలాగే ఉంది.

తను వచ్చింది, అన్నం తింది, పడుకుంది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఇదీ భయంగానే ఉంది. రాసేశాను, ఉండనీ.

శుక్రవారం

బతికే ఉంది. పక్క గదిలో పడుకుంది, ఊపిరి వినిపిస్తోంది. మిగతాది రేపు రాస్తాను.

శనివారం

నిన్న మధ్యాహ్నం ఆరిన బట్టలు తీయడానికి మేడ ఎక్కాను. అబద్ధం. బట్టలు పొద్దున్నే తీసేశాను. చూడటానికే ఎక్కాను. ఇన్ని రోజులూ చూడటానికే ఎక్కాను.

కండెన్సరు మీంచి ఎప్పుడూ పల్చటి ఆవిరి లేచి గాల్లో కలిసిపోతుంది. దాన్ని రోజూ చూస్తున్నాను కాబట్టి తెలుసు. నిన్నటిది అలా లేవలేదు. దాని పక్క గొట్టం దగ్గర తెల్లగా చిక్కగా పుట్టి, కప్పు అంచు దాటి, గోడ వెంబడి కిందికి జారుతోంది. చారల గొట్టం తోక చాచుకుని గేటు బయటికి చూపిస్తోంది. ఆ తెల్లటిది గేటు వైపే పాకుతోంది. అలారం మోగడం లేదు. షిఫ్టు దిగే వేళ. ఇంకాసేపట్లో లోపల ఉన్నవాళ్లంతా సంచులు భుజాన వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ గేటు దగ్గరికే నడుస్తారు. ఒకవేళ లోపల ఎవరికైనా వాసన తగిలినా, నేర్పిన ప్రకారం గేటు దగ్గరికే పరిగెత్తుతారు.

జేబులోంచి ఫోన్ తీశాను. నా నంబరు చూస్తే ఎత్తదు. ఇల్లు తగలబడినా ఎత్తనంది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. టైలరు ఒకాయనకి చొక్కా కొలతలు తీస్తున్నాడు. "ఫోన్ ఇవ్వు" అన్నాను. మెడలో టేపుతో అలాగే నిలబడి ఇచ్చేశాడు. కంట్రోల్ రూమ్ నంబరు నాకు కంఠస్థం.

"కంట్రోల్ రూమ్," అంది ఆఫీసు గొంతుతో.

నోరు తెరిస్తే రావలసినవన్నీ వరసలో ఉన్నాయి. నాకెందుకో, నేను ముందే చెప్పాను, నీకేమైనా అయితే. అవన్నీ మింగేశాను. ఎలా మింగానో నాకే తెలియదు.

"నేను. పెట్టెయ్యకు. కండెన్సరు పక్క గొట్టం నుంచి తెల్లగా దిగుతోంది. గాలి గేటు వైపు ఉంది. గేటుకి ఎవర్నీ పోనివ్వకు. వెనక అరుగు తలుపు తియ్యి. గుడ్డ తడిపి ముక్కుకి పెట్టుకో."

పెట్టేసిందనుకున్నాను. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.

"వాటం గేటు వైపేనా? సరిగ్గా చూశారా?"

"చూశాను."

"సరే," అంది. పెట్టేసింది.

సరే అంది. ఇన్నేళ్లలో నేను ఒక మాట చెబితే వాదించకుండా సరే అనడం ఎప్పుడు విన్నానో గుర్తులేదు.

టైలరు షాపు ముందు రోడ్డు మీద నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. కుట్టుమిషన్లు, స్కూటర్లు, అంతే. తర్వాత మోగింది. ముందు గొంతు పూడుకుపోయినట్టు, ఆ వెంటనే నోరు విప్పి పెద్దగా. తువ్వాలు లాగేసింది.

"మళ్లీ మొదలెట్టిందండీ," అన్నాడు చొక్కా కుట్టించుకునే ఆయన. "నెల నుంచీ ఇదే గోల." రోడ్డు మీద ఒక్కరు కూడా తల తిప్పలేదు. కూరల సంచితో ఒకావిడ గేటు వైపే నడుస్తోంది. వెళ్లి ఆవిడ ముందు చేతులు చాపి నిలబడ్డాను. అటు వెళ్లకండి, ఇటు సందులోంచి పొండి. సైకిలు మీద ఒకతన్ని ఆపాను, ఆటో ఒకటి ఆపాను. ఆటోవాడు తిట్టాడు. తిడుతూనే ముక్కు ఎగబీల్చి, ఒక్క ఊపున బండి తిప్పేశాడు. టైలరు కూడా టేపు మెడలో ఉండగానే వచ్చి రోడ్డుకి అడ్డంగా బెంచీ పడేశాడు.

ఫైరింజన్ వచ్చాక రోడ్డు వాళ్లకి వదిలేసి, చుట్టూ తిరిగి వెనక వైపుకి వెళ్లాను. గేటు దగ్గరికి వెళ్లనని మాట ఇచ్చాను గానీ వెనక అరుగు సంగతి అందులో లేదు. పొలం గట్టు మీద వాళ్లంతా నిలబడి ఉన్నారు. మూటలు మోసేవాళ్లలో ఇద్దరు కళ్లు తెరవలేక కూర్చుని ఉన్నారు, ఎవరో బాటిల్‌తో నీళ్లు పోస్తున్నారు. ఆ ఇద్దరూ ఇవాళ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశారని కబురు వచ్చింది.

మా ఆవిడ అక్కడ లేదు.

నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. అరుగు తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. గోడలు, మెట్లు, తలుపు. తలుపు. తలుపు.

అందర్నీ పంపి ఆఖరున వచ్చింది. మొహం మీద నీలం తువ్వాలు, నీళ్లు కారుతూ. దాని పైన రెండు కళ్లు, ఎర్రగా, నాకోసమే వెతుకుతూ. గట్టు దగ్గరికి వచ్చి తువ్వాలు తీసింది. దగ్గింది. చాలాసేపు దగ్గింది. నేను పట్టుకుని ఏడ్చేశాను, అందరి ముందూ.

"ఊరుకోండి," అంది. "అలారం గారు ఏడవకూడదు."

నవ్వబోయి తనూ ఏడ్చింది.

సోమవారం

ఇంట్లోనే ఉంది. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. తువ్వాలు సంగతి ఎవరూ అడగకముందే తనే చెప్పింది. మేనేజరు ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడట. "ఆ మొహం చూస్తే మీకు నవ్వొచ్చేది," అంది. నవ్వలేదు ఇద్దరమూ.

సాయంత్రం మేడ మీద కూర్చుంటే తనంతట తనే అంది: "ఫోన్‌లో మీ గొంతు గుర్తుపట్టలేదు తెలుసా? మీరు రోజూ ఏమవుతుందో చెప్తారు. ఏం చెయ్యాలో చెప్పడం అదే మొదటిసారి."

నేను తువ్వాలు మడత పెట్టాను. ఉతికితే రంగు కాస్త వెలిసింది. ఘాటు పోలేదు.

బుధవారం

కార్డు పంపాను.

"అలారం: శత్రువు రాకను చూసి ఇటాలియన్ కాపలావాళ్లు వేసిన కేక, 'ఆయుధాల దగ్గరికి' అని. ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లీషుల్లో హెచ్చరికగా నిలిచింది. జర్మన్, డానిష్‌లలో ఉత్త గోలకి పేరయింది. మొదట అది చప్పుడు కాదు, ఏం చేయాలో చెప్పే మాట."

నాలుగే వాక్యాలు. పెద్దాయన ఒక్క అక్షరం కొట్టలేదు. "ఇంతేగా, ఇన్నాళ్లు ఎందుకు పట్టింది?" అన్నారు.

శుక్రవారం

తను మంచం దిగడం లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పరు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. మూటలు మోసే ఆ ఇద్దరి కళ్లు ఎలా ఉన్నాయో కనుక్కోమని పొద్దుట్నుంచీ నన్ను నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ కనుక్కున్నాను. బాగానే ఉన్నారు.

ఈ గొంతు ఎక్కడో విన్నట్టుంది. నాదే.

మంగళవారం

పిలిచారు. మందలిస్తూ ఒక కాగితం ఇచ్చి, రేపట్నుంచి రమ్మన్నారు. కొత్త డబ్బా బిగించారట. గాలి ఏ వైపు ఉంటే ఏ తలుపు తీయాలో గోడ మీద రాయించమని తను అడిగితే సరేనన్నారట. అత్తయ్య కూతురి నెత్తిన చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. నిబ్బరం అనుకున్నాను ఇన్నాళ్లూ.

బుధవారం

పొద్దున తను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాను. నోటి నిండా మాటలున్నాయి. పళ్ల వెనకే ఆపేశాను.

తను సంచి భుజాన వేసుకుని ఆగింది. "ఏమీ చెప్పరా ఇవాళ?"

"మేడ ఎక్కి చూసి వచ్చాను. గాలి వెనక అరుగు వైపు ఉంది. ఏదైనా అయితే గేటు నుంచే రా."

తలూపింది. రెండు మెట్లు దిగి వెనక్కి చూసింది. "ఇంటి నంబరు వచ్చినా ఎత్తుతాను," అంది.

రోజంతా ఫోన్ చేయలేదు. నిజం రాస్తాను, చెయ్యి చాలాసార్లు వెళ్లింది. గిన్నెలు తోముతూ కూర్చున్నాను. తోమినవే మళ్లీ తోముతుంటే మధ్యాహ్నం ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాను.

"ఏవండీ, ఫోన్ చెయ్యలేదేం?"

"ఊరికే. పనిలో ఉంటావని."

"ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు."

"అమ్మ బాగుందా? మీ గొంతు అదోలా ఉందేంటి? గ్యాసు కట్టారా? మేడ మెట్లు తడిగా ఉంటాయి, చూసుకుని దిగుతున్నారా? నాకెందుకో పొద్దుట్నుంచీ మనసు..."

అత్తయ్య వినికిడి మిషన్ తీసి, డబ్బాలో పెట్టుకుని, మూత వేసింది.

నేను చేతులు తుడుచుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, చివరిదాకా విన్నాను.